అక్క గుమ్మానికి కట్టిన పూలచక్రం

2012, నందన నామ సంవత్సర ఉగాది, శుక్రవారం. పగలు పదకొండు గంటల నలభై నిమిషాలు. పక్కింటి అక్క ఇంటి ముందు ఉన్నవారు: బావ తమ్ముడు, పాలాయన, కిరాణా దుకాణం పెద్దమ్మ, పాత సర్పంచి, ఎదురింటాయన, టెంటు గుంజలు పాతుతున్న ఇద్దరు మనుషులు, వాడకట్టు ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి ఇంకో పాతిక మంది. ఆటోలో వచ్చినవారు: అక్క, బావ, మా ఇంటావిడ, నేను.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలాగే మొదలవుతుంది. ఇంటి ముందున్న వాళ్ళంతా బావను చివరిచూపు చూసుకోవడానికి వచ్చినవారు. ఆ సమయానికి బావ ఆటోలో కూర్చుని బత్తాయి పండు ఒలుచుకుంటున్నాడు.

నా చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని వాడకట్టంతా తిప్పింది ఈ పక్కింటి అక్కే. రక్తసంబంధం ఏమీ లేదు. గోడకు గోడ ఇల్లు, అంతే. నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. వాళ్ళ నాన్నకు ఒక్కతే కూతురు కావడంతో పై వాడ నుంచి అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకున్నారు. అలా పెళ్ళయ్యాక కూడా ఆమె ఆ ఇంట్లోనే ఉండిపోయింది, నేనూ ఈ ఇంట్లోనే ఉండిపోయాను. పలక మీద నా చేత అక్షరాలు దిద్దించింది ఆమె. మామిడాకు కొన మడిచి చీపురు పుల్లతో గుచ్చడం నేర్పింది ఆమె. వాళ్ళకు పిల్లలు కలగలేదు. నేను బస్సు డిపోలో టైమ్ కీపరుగా చేరి, ముప్పై మూడేళ్ళు వచ్చే బస్సుకూ పోయే బస్సుకూ వేళ రాసి, రిటైరయి ఇంటికి వచ్చినా, ఆమె నోట నేను "పిల్లగా"నే. అందుకే నాకు అరవై రెండేళ్ళు నిండాక జరిగిన ఈ సంగతిని కూడా చిన్ననాటి జ్ఞాపకాల్లోనే రాసుకుంటున్నాను. ఆ రోజు నేనెంత చిన్నపిల్లవాడినో చదివితే మీకే తెలుస్తుంది.

ఆ ఏడు మార్చి మొదట్లో బావకు ఊపిరి అందకుండా పోయింది. పట్నంలో దవాఖానలో చేర్చారు. మొదటి వారమంతా ముక్కుకు గొట్టమే. చూసి వచ్చినవాళ్ళు ఊళ్ళోకి వచ్చి పెదవి విరిచేవారు. అక్క పంతొమ్మిది రోజులు అక్కడే, మంచం పక్కన చాప మీదే ఉంది. ఇంటికి తాళం. రోజూ పొద్దున పాలాయన ఆ తాళం వైపు ఒకసారి చూసి, నా గిన్నెలో పాలు పోసి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయేవాడు.

ఉగాది ముందు రోజు, గురువారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు మా ఇంటి ఫోను మోగింది. అక్క. రేపు పొద్దున ఇంటికి పంపిస్తామన్నారట. నాకు కాళ్ళలో కొత్త సత్తువ వచ్చినట్టయింది. కానీ అక్క గొంతులో సంతోషంతో పాటు ఇంకేదో ఉంది.

"పండుగ పూట గుమ్మం బోడిగుంటది గద పిల్లగా. సావు తప్పిచ్చుకొని వస్తున్న మనిషిని బోసి గుమ్మంలకెల్లి ఎట్ల తీస్కపోవాలె? నాలుగు మామిడాకులు కట్టు. పండుగ ఇల్లని తెలిస్తె సాలు. ఇగ ఇంకో మాట, ఎవ్వలకు చెప్పకు. ఇంటికొచ్చి కూసున్నంక అందరికి తెల్వనీ. దిష్టి మంచిది గాదు."

నాలుగాకులు చాలన్నది అక్క. అంత తక్కువకు నా మనసు ఒప్పుకోలేదు. పంతొమ్మిది రోజుల తరువాత బావ నడిచి వస్తున్నాడు. ఏటా కట్టే తోరణమే కడితే ఆ రాకకు విశేషం ఏముంటుంది?

దానికి నెల ముందు ఒక పెళ్ళికి ఎయిర్‌పోర్టు రోడ్డు మీద కొత్త హోటలుకు వెళ్ళాను. అక్కడ ప్రతి గది తలుపుకూ ఆకులూ పూలూ చుట్టిన గుండ్రటి చక్రం వేలాడుతోంది. ఎంతో ముచ్చటేసింది. ఇదేమిటని గేటు దగ్గరి మనిషిని అడిగితే, వచ్చేవాళ్ళకు మంచి జరగాలని వేరే దేశాల్లో వసంతకాలంలో ఇలా కడతారట సార్ అని చెప్పాడు. నేను దాన్ని జానలతో కొలిచి డైరీలో బొమ్మ వేసుకున్నాను. అడ్డం రెండు జానల నాలుగు వేళ్ళు. అవసరం ఉండే కొలుచుకోలేదు. కొలవడం నా అలవాటు.

ఆ బొమ్మ ఇప్పుడు పనికొచ్చింది. ఫోను వచ్చిన వెంటనే అక్కకు తోడుగా మా ఇంటావిడ దవాఖానకు బయలుదేరింది. ఆమెకు కూడా చెప్పలేదు. అందరినీ ఒకేసారి ఆశ్చర్యపరచాలని నా ఆశ.

రెండు గంటలకు బుట్టలల్లే వాళ్ళ దగ్గర వెదురు బద్ద తెచ్చాను. తొట్టిలో రెండు గంటలు నానబెట్టాను. వంచబోతే మొదటిసారి చేతిలోంచి జారి నా కళ్ళద్దాలను గోడవతలికి కొట్టింది. రెండోసారి కోడిగుడ్డులా కోలగా వచ్చింది. మూడోసారికి పెద్ద బాన మూతి మీద ఒత్తి పట్టి, సుతిలి తాడు చుట్టి ముడివేస్తే గుండ్రంగా నిలబడింది. హిమాయత్ సాగర్ వైపు తోట ఉన్న మిత్రుడు సైకిలు మీద ఒక సంచీ ఆకులు తెచ్చిచ్చాడు. ఏరితే పురుగు కొట్టనివి నూట ఇరవై తేలాయి. ఒక్కో ఆకు కొన మడిచి, చీపురు పుల్లతో గుచ్చి, ఒకదాని మీద ఒకటి సగం కప్పుతూ చట్రానికి కట్టుకుంటూ వెళ్ళాను. సందుల్లో వేపపూత. నిజం చెప్పొద్దూ, నా చేతి పని చూసి నాకే గర్వం వేసింది.

ఇక పూలు మిగిలాయి. ఆరు గంటలకు శంషాబాద్ బజారుకు వెళ్ళేసరికి పండుగ రద్దీలో బంతిపూలు ఒక్కటి మిగల్లేదు. తెల్లని లిల్లీపూలు మాత్రం బుట్టెడు ఉన్నాయి. కొలత కోసం చట్రాన్ని కూడా వెంట తీసుకెళ్ళాను. పూలాయన నా చేతిలోని చక్రాన్ని చూశాడు. చూసి లేచి నిలబడ్డాడు. చేతులు తుడుచుకుని, ధర మాటే ఎత్తకుండా, దారం తెగ్గొట్టి నాలుగు మూరల దండ ఇచ్చాడు. ఇంకో దోసెడు విడిపూలు పొట్లం కట్టి పైన పెట్టాడు. "తీస్కపో పెద్దాయనా" అని మాత్రం నెమ్మదిగా అన్నాడు. నెత్తి మీది రుమాలు కూడా తీసేశాడు. ఈ రోజుల్లో కూడా పెద్దవాళ్ళకు ఇంత మర్యాద ఇచ్చేవాళ్ళు ఉన్నారని నాకు కళ్ళు చెమర్చాయి. ఆ మాటే డైరీలో రాశాను కూడా: "పూలాయన మర్యాదస్తుడు."

మా వైపు గుండ్రటి పూలచక్రం ఎక్కడ కనిపిస్తుందో నాకు తెలియదా అని మీరు అడగవచ్చు. తెలుసు. మా డిపో మేనేజరు పోయినప్పుడు ఆయన పాదాల దగ్గర పెట్టిన చక్రాన్ని తెచ్చింది నేనే. అయినా ఆ సాయంత్రం నా కళ్ళ ముందు ఉన్నది హోటలు తలుపులు, రేపు అక్క ముఖంలో కనిపించబోయే వెలుగు. ఈ రెండూ తప్ప మూడో ఆలోచన నా తలలోకి రాలేదు. మనసు ఒక దాని మీద పడితే ఎదురుగా ఉన్నది కూడా కనిపించదని అంత వయసు వచ్చాక తెలిసింది.

పండుగ రోజు తెల్లవారుజామున అయిదూ అయిదుకు చక్రాన్ని అక్క గుమ్మానికి, తాళం పైన, మేకుకు తగిలించాను. నాలుగడుగులు వెనక్కి వేసి చూశాను. కొంచెం ఎడమకు ఒరిగితే సరిచేశాను. మా ఇంటికి తాళం వేసి, అయిదున్నర బస్సు ఎక్కి, కాటేదాన్ మీదుగా పట్నం వెళ్ళిపోయాను.

నేను వెళ్ళిన తరువాత ఏం జరిగిందో తరువాత పదిమందిని అడిగి వరుసగా రాసుకున్నాను. ఆరూ పదికి పాలాయన వచ్చాడు. పండుగ పూట రెండిళ్ళకూ తాళాలు. తాళం మీద తెల్లపూల చక్రం. ఆయన క్యాను కింద పెట్టి, భుజం మీది తువ్వాలు తీసి, కాసేపు అలాగే నిలబడ్డాడు. ఆరూ ఇరవైకి కిరాణా దుకాణం పెద్దమ్మకు చెప్పాడు. ఆరూ ఇరవై అయిదుకు వాడకట్టంతా తెలిసింది. ఏడు లోపల పై వాడలో బావ తమ్ముడి ఇంటికి చేరింది. ఆ ఇంట్లో అప్పుడే బచ్చాల పూర్ణానికి శనగపప్పు ఉడుకుతోంది. వార్త వినగానే పొయ్యి ఆర్పేశారు. దాయాదులకు మైల కదా, పండుగ లేదు. ఏడున్నరకల్లా బావ వంశం వాళ్ళవి తొమ్మిది ఇళ్ళలో పొయ్యిలు ఆరిపోయాయి. కొత్త కుండల్లో కలిపిన ఉగాది పచ్చడి మూతలు పెట్టి పక్కన పెట్టేశారు. అక్క సెల్‌ఫోనుకు చేశారు. అది చార్జింగు అయిపోయి ముందురోజు రాత్రే మూగబోయింది. నాకూ మా ఇంటావిడకూ సెల్లు లేదు. తొమ్మిదింటికి టెంటుకు మనిషిని పంపారు.

చక్రం ఎవరు తెచ్చారన్న ప్రశ్న రాకపోలేదు. పాత సర్పంచి తెప్పించి ఉంటాడని కొందరన్నారు. ఆయన అవునని అనలేదు, కాదనీ అనలేదు.

ఇవేవీ మాకు తెలియదు. దవాఖానలో కాగితాల పని అయ్యేసరికి పది దాటింది. బావ కొంచెం చిక్కాడు, నోరు మాత్రం చిక్కలేదు. దారి పొడుగునా ఆటోవాణ్ణి గుంతలు చూసి నడపమని సతాయిస్తూనే ఉన్నాడు. నేను డ్రైవరు పక్కన ఒంటి తుంటి మీద కూర్చుని, లోలోపల నవ్వుకుంటూ, "నీ గుమ్మం చూద్దువు గాని అక్కా" అని రెండుసార్లు అన్నాను. "నాలుగాకులే గదనే, ఏమో కోట గట్టినట్టు చెప్తున్నవు" అంది అక్క.

ఆటో మా సందులోకి తిరిగింది. ముందు టెంటు గుంజలు కనిపించాయి. తరువాత జనం. మగవాళ్ళు తలకు తువ్వాళ్ళు చుట్టుకుని గోడ వెంట కూర్చున్నారు. ఆడవాళ్ళు అరుగు మీద గుంపుగా. మధ్యలో కిరాణా పెద్దమ్మ రొమ్ము బాదుకుంటూ, బావ గుణాలు ఒక్కొక్కటే రాగం తీసి చెబుతోంది. వాళ్ళందరి తలల మీదుగా, తాళం పైన, తెల్లగా, గుండ్రంగా, అచ్చంగా నేను కొలిచి కట్టిన చక్రం.

అప్పుడు కనిపించింది నాకు, అది ఏమిటో.

మా ఇంటావిడ వెనక నుంచి నా భుజం గిల్లింది. "ఏం కట్టినవయ్యా అది?" అని చెవిలో అంది.

ఆటో ఆగింది. బావ తల బయటికి పెట్టి, చేతిలో బత్తాయి తొనతో, జనాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. నిజంగానే కంగారుపడి అడిగాడు:

"ఎవలు పోయిండ్రు?"

పెద్దమ్మ రాగం మధ్యలోనే తెగిపోయింది. గుంజ పట్టుకున్న మనిషి గుంజ వదిలేశాడు. చివరకు పెద్దమ్మే లేచి, ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి, బావ ముంజేతిని గట్టిగా గిల్లింది.

"అబ్బా. ఏందే ముసల్దానా?"

"నువ్వేనా?"

"నేనుగాక మీ తాతనా? ఎవలు పోయిండ్రో చెప్పుమంటె గిల్లుతవేంది?"

ఆమె ఏడుస్తూనే నవ్వింది. అరుగు మీద ఆడవాళ్ళు ఒక్కసారిగా లేచారు. ఆ సంతోషం చెప్పలేను. కానీ అది నిమిషం కూడా నిలవలేదు. బావ తమ్ముడు ఆటో దగ్గరికి వచ్చి, అన్న రెండు చేతులూ పట్టుకుని, వెనక్కి తిరిగి ఆ చక్రాన్ని చూశాడు. ఆయన ముఖం మారిపోయింది.

"మరి ఇది కట్టిందెవడు? బతికున్న మనిషి ఇంటికి సావు చక్రం కట్టిన నా కొడుకెవడు?"

జనంలో గుసగుస మొదలైంది. ఎదురింటాయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. పోయిన వానాకాలంలో మోరీ మురుగునీళ్ళ గురించి ఆయనకూ బావకూ పెద్ద రగడ అయింది. అప్పటి నుంచి రెండిళ్ళకూ మాటల్లేవు. అయినా ఆ రోజు పొద్దున్నే వచ్చి, ఎవరూ అడగకుండానే టెంటు గుంజలకు గుంతలు తవ్వాడు. బావ తమ్ముడు వెళ్ళి ఆయన అంగీ పట్టుకున్నాడు.

"నువ్వే. నీకే కడుపుల మంట. మంత్రగాని దగ్గరికి పోయి తెచ్చినవా ఏంది?"

"నాకేం దెల్వదే" అన్నాడు ఆయన. ముఖం తెల్లబోయింది. ఇద్దరు కుర్రాళ్ళు అటు నుంచి ఒకడు, ఇటు నుంచి ఒకడు ముందుకు జరిగారు.

నేను చెప్పాలి. అది నాకు తెలుసు. ఒక్క మాట చాలు, నేనే కట్టానని. కానీ ముప్పై మంది ముందు, అక్క ముందు, పంతొమ్మిది రోజులు చావుతో కొట్లాడి వచ్చిన బావ ముందు, నీ ఇంటికి చావు చక్రం కట్టింది నేనేనని ఎలా అనడం? ఎలాగో "నేను..." అన్నాను. అంతలో విమానం వచ్చింది.

మా ఊళ్ళో విమానం నెత్తి మీదుగా పోతుంటే ఎవరూ మాట్లాడరు. మాట్లాడినా వినపడదు. ఎంత కొట్లాటలో ఉన్నా నోళ్ళు మూసుకుని, అది దాటిపోయేదాకా ఆగి, ఎక్కడ ఆపారో అక్కడి నుంచి మళ్ళీ అందుకుంటారు. ఎయిర్‌పోర్టు వచ్చిన నాలుగేళ్ళలో మాకందరికీ అలవాటైపోయింది. బావ తమ్ముడు ఎదురింటాయన అంగీ వదలకుండా, నోరు మాత్రం మూసుకుని నిలబడ్డాడు. ఎదురింటాయన కూడా అలాగే. అందరూ అలాగే.

ఆ అర నిమిషంలో నేను అక్కను చూశాను. ఆమె ఆటో దిగి, చక్రం వైపు చూస్తోంది. పూలను కాదు, ఆకుల మడతలను చూస్తోంది. ఆ మడత ఆమె నేర్పిందే. ఊళ్ళో అలా కొన లోపలికి తిప్పి పుల్ల గుచ్చేవాళ్ళం మేమిద్దరమే. ఆమె మెల్లగా తల తిప్పి నా ముఖం చూసింది. కోపం లేదు, ప్రశ్న లేదు. చిన్నప్పుడు నేను జ్వరంతో పడుకుంటే చూసినట్టు చూసింది.

విమానం దాటిపోయింది. నేను నోరు తెరిచేలోపు అక్క అందుకుంది.

"తమ్మీ, ఆయన అంగీ ఇడువు" అంది మరిదితో. "ఆ చక్రం నేను కట్టమన్న."

ఎవరికీ అర్థం కాలేదు.

"నేనే ఫోన్ జేసి మా పిల్లగానితోని కట్టిపిచ్చిన. మొక్కుకున్న. పంతొమ్మిది దినాలు గా మంచం పక్కకు కూసోని ఇంకేం జేస్త? బతికున్న మనిషిని పోయిండని పదిమంది ఏడిస్తె ఆయుష్షు పెరుగుతదంటరా, అనరా?"

"అంటరు" అంది పెద్దమ్మ.

"గందుకే. మీరందరు మంచిగ ఏడ్సిండ్రు. ఈయనకు ఇంకో పదేండ్లు వచ్చినయి. ముందే చెప్తె మీరు ఏడుస్తుండిరా?"

ముందుగా పెద్దమ్మ తేరుకుంది. "పదేండ్లల్ల నావే నాలుగుంటయి. పొద్దటిసంది గొంతు పోయింది నాకు" అంది. ఇంకొకామె తన వంతు రెండేళ్ళు అడిగింది. పాలాయన తానే అందరికంటే ముందు ఏడ్చానని, కావాలంటే క్యానును అడగమని అన్నాడు. బావ అంతా విని, బత్తాయి తొన నోట్లో వేసుకుని, గంభీరంగా అడిగాడు.

"మా తమ్ముడు ఏడ్సిండా?"

"ఏడ్సిండు. చొక్క తడిసేటట్టు ఏడ్సిండు."

"అయితె వాని లెక్కల ఒకటి ఎక్కువ ఎయ్యుండ్రి." తరువాత నా వైపు తిరిగాడు. "బామ్మర్దీ, నీ బుక్కుల రాస్కో. ఏడ్వనోళ్ళ పేర్లు వేరే రాయి. వాళ్ళతోని నాకు పనుంది."

అప్పుడు నవ్వారు అందరూ. బావ తమ్ముడు అంగీ వదిలేసి, ఎదురింటాయన చొక్కా మడతలు తన చేత్తోనే సరిచేశాడు. "మాఫ్ చెయ్యే అన్నా" అన్నాడు. వెళ్ళి బావను చెయ్యి పట్టి ఆటోలోంచి దింపింది ఎదురింటాయనే. అక్క చక్రాన్ని పక్కకు జరిపి తాళం తీసి, దాన్ని మళ్ళీ గుమ్మం పైన, మేకుకు తగిలించింది. బావ దాని కిందుగా, కుడికాలు ముందు పెట్టి లోపలికి వెళ్ళాడు.

తొమ్మిది ఇళ్ళలో మళ్ళీ పొయ్యిలు వెలిగాయి. అయినా అప్పటికప్పుడు వంటలు కావు కాబట్టి మూతలు పెట్టిన పచ్చడి కుండలన్నీ అక్క వాకిట్లోకే వచ్చాయి. టెంటు వేయమన్నది ఎందుకైతేనేం, ఎండ దంచేస్తోంది, నీడ బాగుందని దాన్ని విప్పనివ్వలేదు. టెంటు మనుషులు కూడా కూర్చున్నారు. తొమ్మిది కుండల పచ్చడి, తొమ్మిది రుచులు. ఒకరిది పులుపు ఎక్కువ, ఒకరి దాంట్లో వేపపూత పట్టుమని పది రేకులు కూడా లేవు. ఎవరిది బాగుందని పంచాయితీ పెట్టారు. బావకు డాక్టరు ఒక గ్లాసే చెప్పాడంటే, ఏ కుండలోది ఆ ఒక్క గ్లాసు అన్న దాని మీద ఇంకో పంచాయితీ. ఎదురింటాయనకు గ్లాసు నింపి ఇచ్చింది బావ తమ్ముడే. రెండోసారి కూడా నింపాడు.

నేను మాత్రం ఒక మూలన కూర్చున్నాను. నవ్వుతున్నాను కాని, పచ్చడి ముట్టలేదు. జనం పలచబడ్డాక, అక్క వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"అక్కా, నువ్వు ఏ మొక్కు మొక్కలేదు గదా. నా కోసం అబద్ధమాడితివి."

ఆమె గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుంది.

"అబద్ధమెట్లయితది? మొక్కిన. ఆటో దిగినంక, విమానం పోతుంటె మొక్కిన. నీ మొకం జూసి."

నేను తల దించుకున్నాను. చేసింది క్షమించమని అడగడానికి కూడా ఆమె చోటు ఇవ్వలేదు. నా ముందు ఒక పీట వేసి, పచ్చడి గ్లాసు చేతిలో పెట్టింది.

"నాలుగాకులు కట్టుమంటి గద పిల్లగా" అంది. ఆ రోజు మొత్తానికి నన్ను ఆమె తిట్టిన తిట్టు అదొక్కటే.

సాయంత్రం చక్రాన్ని తీసేస్తానని వెళితే వద్దంది. అంత కష్టపడి చేసినదాన్ని ఒక్క పూటకే తీస్తామా, పూలు వాడాక చూద్దాం అంది. పూలు నాలుగు రోజులకు వాడాయి. వెదురు చట్రం మాత్రం తరువాత చాలాకాలం వాళ్ళ ఇంట్లోనే ఉంది. అక్క దాని మీద పెద్ద కుండ పెట్టుకునేది.

ఆ రోజు నుంచి నాకు ఒక అలవాటు మిగిలింది. ఎవరైనా నా మంచి కోసమే ఏదో చేసి, దాన్ని పూర్తిగా చెడగొట్టి, ముఖం వేలాడేసుకుని ఎదురుగా నిలబడితే, నేను వెంటనే నోరు తెరవను. ఒక విమానం దాటిపోయేంతసేపు ఆగుతాను. ఆ కాసేపట్లో వాళ్ళ చేతి పనిని కాకుండా వాళ్ళ ముఖాన్ని చూస్తాను. అక్కలా వెంటనే ఒక మొక్కు పుట్టించే తెలివి నాకు లేదు. చాలాసార్లు ఏ మాటా దొరకదు. అయినా ఆగినందుకు ఒక్కసారి కూడా బాధపడలేదు. ఆగని సందర్భాలు కొన్ని ఉన్నాయి. అవి కూడా డైరీల్లో తేదీలతో సహా ఉన్నాయి. అవి తిరగేసినప్పుడు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు శనివారం పొద్దున అయిదుంబావుకు మా తలుపు అవతల ఏదో చప్పుడైంది. తీసి చూస్తే అక్క. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, పంతొమ్మిది రోజులు నేల మీద పడుకుని నిన్ననే ఇంటికి వచ్చిన మనిషి, మా గుమ్మం ముందు స్టూలు మీద నిలబడి మామిడాకుల తోరణం కడుతోంది. అటు పక్క వాళ్ళ అరుగు మీద బావ దుప్పటి కప్పుకుని కూర్చుని, ఎడమ దిక్కు జారిందని హుకుం జారీ చేస్తున్నాడు.

అప్పుడు చూశాను నా గుమ్మాన్ని. పండుగ నాడు మా ఇంటికి ఒక్క ఆకు కూడా కట్టలేదు. నూట ఇరవై ఆకులూ అక్క గుమ్మానికే పోయాయి. ముందు రోజు ఆ తలుపులోంచి వస్తూ పోతూ కూడా నేను గమనించలేదు.

"పండుగ నిన్ననే ఐపాయె గదక్కా" అన్నాను.

"ఊరికి నిన్న. నీకు ఇయ్యాల" అంది, కిందికి చూడకుండానే. "నిలబడి సూస్తవేంది పిల్లగా, జర ఆ కొస పట్టు."

పట్టుకున్నాను.